మన పెట్టె తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి?



పాత ఫోటోలు, రికార్డింగులు దాచడానికి నాలుగు డిస్కుల పెట్టె కొందామని, షాపువాడు చూపించిన మోడలుకే అడ్వాన్సు ఇచ్చేద్దామని గ్రూపులో మాట నడుస్తోంది. "పెట్టెలోనే రెయిడ్ ఉందట, తగిలిస్తే చాలట" అంటున్నారు. మేము కొందరం దీనికి ఒప్పుకోవడం లేదు. ఎందుకో కాస్త పొడుగ్గానే చెప్తాం. చదవకుండా బొటనవేలు గుర్తు పెట్టేవాళ్లకు ముందే ఒక దండం.

దాచబోయేది ఏమిటి? తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అంతకుముందు మన తాతలు తెలుగులో రాయించుకున్న దస్తావేజులు, శుభలేఖలు, పెద్దవాళ్లు చెబుతుంటే ఫోన్లో పట్టుకున్న పాటలు, కబుర్లు. 2006 నాటి తమిళ చట్టం తర్వాత బడిలో తెలుగుకు చోటు ఇంకా ఇరుకైంది. మన పిల్లలు ఇంట్లో మాట్లాడతారు, చదవమంటే తడుముకుంటారు. రేపు వాళ్లు వెతుక్కుంటే దొరకాల్సింది ఇదే. ఆ పాటలు పాడినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. "పెద్దలకు గుర్తున్నాయి కదా" అనకండి. మన ఊరి పూసలార్ నాయనారు మనసులోనే గుడి కట్టి శివుణ్ని రప్పించాడు. మనకంత శక్తి లేదు, డిస్కులు కావాలి.

గూగుల్‌లో ఊరికే పెట్టేస్తే పోలా అనేవాళ్లకు ఒక్క మాట. గూగుల్ ఫోటోస్ ఉచిత అపరిమిత నిల్వ 2021 జూన్ 1తో ఆగిపోయింది. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తీసేస్తామని 2023లో వాళ్లే ప్రకటించారు. మన ఖాతా ఎవరి పేరున ఉంది? కార్యదర్శి మారితే పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?

ఇక ఆ పెట్టె. అందులో డిస్కులను కలిపి నడిపేది లోపలున్న చిన్న చిప్పు. ఏ ముక్కను ఏ డిస్కులో పెట్టిందో ఆ లెక్క దానిదే. ఐదేళ్లకు ఆ చిప్పు కాలిపోయిందనుకోండి. డిస్కులు నిక్షేపంగా ఉంటాయి, కానీ చదవాలంటే చాలాసార్లు అదే రకం పెట్టె కావాలి. అప్పటికి ఆ మోడలు బజారులో ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? షాపువాడా?

లినక్స్‌లో ఈ పని కెర్నెలే చేస్తుంది. నడిపించే పనిముట్టు ఎండీఆడ్మ్, ఉచితం. జట్టు వివరాలు ప్రతి డిస్కు మీదే రాసి ఉంటాయి. మన గదిలోని పాత కంప్యూటరు చచ్చిపోయినా, డిస్కులు తీసి వేరే లినక్స్ కంప్యూటరుకు తగిలిస్తే అది గుర్తుపట్టి జోడిస్తుంది. సంఘానికి కావలసింది ఈ గుణమే. ఇవాళ పెట్టినవాడు రేపు ఊరు మారినా ఇంకొకడు తెరవగలగాలి.

కాబట్టి ప్రతి డిస్కునూ విడిగా చూపించే సాదా పెట్టె, రెండు డిస్కులు, రెయిడ్ 1. అంటే అద్దం: రెండింటిలోనూ ఒకటే రాత. నాలుగు డిస్కుల రెయిడ్ 5లో చోటు ఎక్కువ మిగులుతుంది, నిజమే. కానీ ఒకటి పోయి కొత్తది పెట్టినప్పుడు మిగతా మూడూ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. ఆ గంటల్లో ఇంకొకటి పోతే అంతా పోయినట్టే. మన సరుకుకు అంత చోటూ అక్కర్లేదు. రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్లేవాళ్లు డిస్కు ఎస్‌ఎంఆర్ రకమా అని అడగండి. ఆ రకం జట్టును తిరిగి నింపేటప్పుడు నత్తనడక నడుస్తుంది. వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డిస్కుల్లో కొన్నిట్లో చెప్పకుండా ఆ రకం పెట్టిందని 2020లో పెద్ద గొడవే అయింది.

పెట్టే పని ఒక సాయంత్రం. ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి ఏ డిస్కు ఏ పేరుతో కనిపిస్తోందో చూసుకోవాలి. తొందరపడితే ఉన్న డిస్కే తుడిచిపెట్టుకుపోతుంది. తర్వాత ఎండీఆడ్మ్‌తో జట్టు కట్టి, ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి, ఎఫ్‌స్టాబ్‌లో డిస్కు పేరు బదులు యూయూఐడీ రాయాలి, ఎందుకంటే వైరు మార్చితే పేరు మారుతుంది. పక్కనే నోఫెయిల్ అని చేర్చకపోతే పెట్టె తగిలించని రోజు కంప్యూటరు సరిగ్గా లేవకపోవచ్చు. సరుకు నింపకముందే ఒక డిస్కు పీకి చూడాలి. అప్పుడు తెరుచుకోకపోతే ఎప్పటికీ నమ్మొద్దు.

యూఎస్‌బీ వైరు మీద రెయిడ్ వద్దని తెలిసినవాళ్లే అంటారు. సగం ఒప్పుకుంటాం. వైరు కదిలితే డిస్కు జట్టులోంచి జారిపోతుంది. అందుకే పెట్టెకు సొంత కరెంటు, యూపీఎస్, ఎవరూ తాకని మూల కావాలి. జారినా, బిట్‌మ్యాప్ ఉంటే మారిన భాగమే తిరిగి రాసుకుంటుంది.

అందరూ తప్పించుకుంటున్న సంగతి ఇంకొకటుంది. ముఖానికి మసి పూసుకుంటే అద్దంలోనూ మసే. ఎవరో పొరపాటున ఫోల్డరు చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో పోతుంది. బ్రౌన్ దొర ఒక్కో కావ్యానికి నాలుగు చోట్ల నుంచి ప్రతులు తెప్పించి, పండితులచేత పోల్చి రాయించాడు. మనకూ వేరే చోట నకలు ఉండాలి. 2015 డిసెంబరు వరదలను చూసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. రెయిడ్‌కు పెట్టే ఖర్చులో మొదటి వాటా ఆ మూడో డిస్కుకే ఇవ్వాలని మా వాదన. డబ్బు చాలకపోతే అద్దాన్ని వాయిదా వేయండి, నకలును కాదు.

వచ్చే సమావేశంలో మేము పెట్టబోయే తీర్మానం ఇది: షాపు పెట్టెకు అడ్వాన్సు ఆపాలి. బిల్లులన్నీ సంఘం పేర ఉండాలి. మూడో డిస్కు తిరుత్తణి వైపు సభ్యుల ఇంట్లో ఉండి, నెలకోసారి ఇక్కడికొచ్చి ఆర్‌సింక్‌తో కొత్త సరుకు ఎక్కించుకుని వెళ్లాలి. పాస్‌వర్డు, తెరిచే పద్ధతి తెలుగులో, తమిళంలో కాగితం మీద రాసి, సీలువేసిన కవరులో కార్యదర్శి బీరువాలో ఉండాలి. వ్యతిరేకించేవాళ్లు ఆ పెట్టె చిప్పు పోతే ఏం చేస్తారో రాసుకుని రండి.