పిల్లగాళ్లను దింపారు సరే, పక్కన ఎవరిని నిలబెట్టారు?



హైదరాబాద్ ఎఫ్‌సీ పంచాయితీ మన హాస్టల్లో ఇంకా తెగలేదు. క్లబ్ 2025లో ఊరే విడిచి ఢిల్లీకి పోయింది, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అయినా మెస్‌లో పళ్లెం పట్టుకుని కూర్చుంటే చాలు, అదే మాట. ఒక జట్టేమో "కోచ్ ఆట పద్ధతి తప్పు" అంటుంది. ఇంకో జట్టేమో "చిన్న పిల్లగాళ్లను దింపి మునిగారు" అంటుంది. మేము ఈ రెండిట్లో ఏదీ ఒప్పుకోవడం లేదు. ఎందుకో చెప్తాం, కొంచెం ఓపికగా చదవండి.

ఆట చూడని వాళ్ల కోసం ముందు సంగతి చెప్పాలి. ఈ క్లబ్ 2019లో పుట్టింది. మొదటి సీజన్‌లో 10 పాయింట్లతో అందరికన్నా అడుగున ఉంది. రెండేళ్లు తిరిగేసరికి, 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు ఎత్తింది. గోల్‌కీపర్ కట్టిమని ఆపిన పెనాల్టీలు మనలో చాలామంది ఫోన్లలో ఇంకా ఉన్నాయి. తర్వాతి ఏడాది లీగ్‌లో రెండో స్థానం. ఆ తర్వాత 2023-24లో 22 మ్యాచ్‌లాడితే ఒక్కటే గెలుపు, ఐదు డ్రాలు, పదహారు ఓటములు. మొత్తం 8 పాయింట్లు. మళ్లీ అడుగుకే.

మధ్యలో ఏం జరిగింది? డబ్బు ఆగిపోయింది. జీతాలు టైముకు రాలేదు. బకాయిల వల్ల కొత్త ఆటగాళ్లను రిజిస్టర్ చేసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. సీజన్ సగంలో విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు, మిడ్‌ఫీల్డ్‌లో జోవావ్ విక్టర్ ఒక్కడే మిగిలాడు. చింగ్లెన్‌సానా, యాసిర్ లాంటి మన దేశపు సీనియర్లు కూడా వేరే క్లబ్బులకు పోయారు. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో చేతిలో ఉన్నది చాలావరకు కుర్రాళ్లే. ఎదుటి టీముల్లో నలుగురేసి విదేశీయులు, జాతీయ జట్టు ఆటగాళ్లు. వాళ్ల మీదికి వీళ్లు ప్రతి వారం దిగారు.

ఇప్పుడు ఆట పద్ధతి జట్టు మాట తీసుకుందాం. "కీపర్ దగ్గర్నుంచి చిన్న చిన్న పాసులతో ఆడడమెందుకు? వెనక్కి తగ్గి గోడ కట్టి, దొరికిన బంతిని దూరం కొట్టొచ్చు కదా?" అంటారు. వినడానికి బాగుంది. కానీ దూరం కొట్టిన బంతిని ముందు ఎవరో ఒకరు పట్టి నిలబెట్టాలి. కప్పు గెలిచిన ఏడాది ఆ పనికి ఒగ్బెచే ఉన్నాడు, ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి టాప్ స్కోరర్ అయ్యాడు. అలాంటి మనిషి లేనప్పుడు కొట్టిన బంతి కొట్టినంత వేగంగా వెనక్కి వస్తుంది. డిఫెన్స్‌కు ఊపిరి తీసుకునే టైముండదు. పాసులతో ఆడితే మధ్యలో బంతి పోతుంది, దూరం కొడితే ముందు పోతుంది. మనిషి లేని చోట ఏ పద్ధతి పెట్టినా అంతే. బోర్డు మీద గీతలు ఎన్నైనా గీయొచ్చు, ఆ గీతల మీద నిలబడేవాళ్లు కావాలి కదా.

ఇక రెండో జట్టు, "పిల్లగాళ్ల వల్లే పోయింది" అనేవాళ్లు. ఆ పిల్లగాళ్లు ఎవరో ఒకసారి చూడండి. రామ్‌లున్‌చుంగా, మార్క్ జోథాన్‌పుయా మిజోరం వాళ్లు. మకాన్ చోథే మణిపూర్ అబ్బాయి, చోథే అనేది అక్కడి ఒక తెగ పేరే. మన ఇంటిపేర్లు చూసి మనది ఏ గూడెమో, ఏ తెగో పట్టేసినట్టే వాళ్లను కూడా పేరు చూసి పట్టేస్తారు. ఓడిన ప్రతిసారీ "ఈ పోరగాళ్లకు స్థాయి లేదు" అన్న మాట వీళ్ల మీదే పడింది. జీతం ఆపినవాళ్ల పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

స్థాయి సంగతి అంటే, ఇదే క్లబ్‌లో ఇంకో లెక్క ఉంది. 2020-21లో మనోలో మార్క్వెజ్ కోచ్‌గా ఉన్నప్పుడు ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో ఆడారు. అందరూ పద్దెనిమిది, ఇరవై రెండు ఏళ్ల మధ్య వాళ్లే. అంతకు ముందు ఏడాది అడుగున ఉన్న టీమ్ ఆ ఏడాది ఐదో స్థానానికి వచ్చింది. సీజన్ అవ్వగానే ఆకాశ్, లిస్టన్ భారత జట్టుకు ఆడారు. అప్పుడు వయసు అడ్డం రాలేదే! ఎందుకంటే వాళ్ల వెనకాల ఒనైందియా, మధ్యలో జోవావ్ విక్టర్, ముందు సాంటానా ఉన్నారు. లెఫ్ట్ బ్యాక్ పైకి పరిగెత్తితే ఖాళీ అయిన చోటు మూయడానికి ఒక పెద్ద మనిషి ఉన్నాడు. తప్పు చేస్తే అది గోల్ అవ్వకుండా ఆపేవాడు ఉన్నాడు. అందుకే ధైర్యంగా పరిగెత్తారు, పరిగెత్తుతూ నేర్చుకున్నారు.

వయసు ఒక్కటే. పక్కన మనుషులు వేరు. మేము చెప్పదలచుకున్నది ఇదే.

"మరి ఐజ్వాల్ గెలవలేదా? డబ్బుల్లేకుండా, లోకల్ పిల్లలతో 2017లో ఐ-లీగ్ కొట్టింది కదా!" అని ఒక అన్న అడిగాడు. మంచి ప్రశ్న. గెలిచింది, మనందరం గర్వపడాలి. కానీ ఆ టీమ్‌లో మిజో కుర్రాళ్లతో పాటు సిరియా నుంచి వచ్చిన అల్ అమ్నా, లైబీరియా నుంచి వచ్చిన జర్యాన్ ఉన్నారు. ముంబై వైపు నుంచి ఆశుతోష్ మెహతా, జయేష్ రాణే వచ్చారు. ఖాలిద్ జమీల్ కోచ్. డబ్బు తక్కువే, కానీ పిల్లగాళ్లను ఒంటరిగా వదల్లేదు. ఐజ్వాల్ కథ మా మాటకే సాక్ష్యం.

ఇంకా వెనక్కి పోతే మన హైదరాబాద్ ఫుట్‌బాలే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం టీచర్‌గా పని చేసినాయన. ఆయన కోచ్‌గా భారత్ 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారం తెచ్చింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాం, ఇరవై ఏళ్లకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయాడు. ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ కిరాయికి రహీం సాబే డబ్బులిచ్చారని చెప్తారు. ఆట పద్ధతుల్లో రహీం సాబ్‌ను మించినోళ్లు ఆ రోజుల్లో లేరు. అయినా పిల్లగాడు గ్రౌండ్ దాకా ఎట్ల వస్తాడన్నది కూడా తన పనే అనుకున్నారు.

ఇదంతా ఈ గ్రూపులో ఎందుకు రాస్తున్నామంటే, మనం కూడా ఆ 2023-24 టీమ్ లాంటి వాళ్లమే కాబట్టి. మనలో చాలామంది ఇళ్లల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనుషులం మనమే. సబ్జెక్ట్ ఎట్ల ఎంచుకోవాలో ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. ఇంగ్లీష్ మీడియం పుస్తకం తెరిస్తే సగం పేజీ అర్థం కాదు. కొన్ని కాలేజీల్లో సెమిస్టర్ సగం దాటేదాకా లెక్చరర్ ఉండరు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలీదు. పరీక్ష పోతే మాత్రం వెంటనే "రిజర్వేషన్‌లో వచ్చారు, స్థాయి లేదు" అంటారు. ఫస్టియర్‌లో బ్యాగ్ సర్దుకుని ఊరికి పోయి మళ్లీ రాని తమ్ముళ్లు, చెల్లెళ్లు మన ప్రతి హాస్టల్లోనూ ఉన్నారు. వాళ్లకు తెలివి తక్కువై పోలేదు. తప్పు చేసినప్పుడు వెనకాల చోటు మూసేవాడు లేక పోయారు.

అలాగని పిల్లగాళ్లు తప్పే చేయలేదని మేము అనడం లేదు. చేశారు. మార్కింగ్ వదిలేశారు, బంతి ఇవ్వకూడని చోట ఇచ్చారు. తప్పు చూపించాలి, గట్టిగానే చెప్పాలి. కానీ చెప్పేవాడు గ్రౌండ్‌లో పక్కన ఉండి చెప్పాలి, గట్టు మీద కూర్చుని కాదు. పిల్లగాళ్లు అసలు ఆడకూడదన్న మాట కూడా తప్పే. బెంచీ మీద కూర్చోబెడితే ఎవరూ ఆటగాడు కారు.

ఇంకో సంగతి మర్చిపోవద్దు. ఆ చెడ్డ సీజన్‌లోనూ వాళ్లు చెన్నైకి పోయి చెన్నైయిన్ మీద 1-0తో గెలిచి వచ్చారు. ఆ టీమ్ గెలిచిన ఒక్క మ్యాచ్ అదే. ఇన్ని ఓటముల తర్వాత కూడా పరిగెత్తడం మానలేదన్నమాట.

అందుకే మా మాట రెండు ముక్కల్లో. ఒకటి, ఈసారి హాస్టళ్ల మధ్య మ్యాచ్‌లకు టీమ్ రాసేటప్పుడు ఫస్టియర్ వాళ్లకు కనీసం మూడు చోట్లు ఇద్దాం. కానీ డిఫెన్స్ మధ్యలో ఒకరు, మిడ్‌ఫీల్డ్‌లో ఒకరు సీనియర్ కచ్చితంగా ఉండాలి. ఒక్క తప్పుకు ఎవరినీ బయటికి పిలవొద్దు, కనీసం మూడు మ్యాచ్‌లు చూద్దాం. రెండు, చదువులోనూ ఇదే లెక్క. ఒక్కో సీనియర్ ముగ్గురు జూనియర్లను పట్టుకోవాలి. మొదటి ఇంటర్నల్ అయ్యేదాకా వారానికి ఒక సాయంత్రం వాళ్లతో కూర్చోవాలి. ఫీజు ఫారం నింపడం, బ్యాక్‌లాగ్ కట్టడం, లైబ్రరీ కార్డు తీసుకోవడం అన్నీ చూపించాలి. దీనికి ఐటీడీఏ నుంచి ఉత్తర్వు రావాల్సిన పని లేదు. మన రూముల్లోనే మొదలవుతుంది.

డబ్బున్న క్లబ్బే మూడేళ్లలో తన పిల్లగాళ్లను ఒంటరిగా వదిలేసింది. మన దగ్గర డబ్బు ఎప్పుడూ లేదు, ఉన్నది మనుషులే. ఫస్టియర్ వాళ్లు వచ్చే నెల దిగుతున్నారు. ఏ సీనియర్ ఏ ముగ్గురిని తీసుకుంటారో ఈ ఆదివారం లోపు పేర్లు చెప్పండి.

జై ఆదివాసీ.