రంగంలో బొమ్మలు చూద్దాం రండి

శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా మన తీరప్రాంతపు ఇళ్ళలో పెద్దవాళ్ళు రంగూన్ అనేవారు కాదు. "మా తాత రంగం వెళ్ళాడు" అనేవారు. ఆ రంగమే ఇప్పటి యాంగాన్. మావారి ఉద్యోగం పుణ్యమా అని ఇక్కడ కాపురం పెట్టాక, వచ్చిన చుట్టాలను మొదటిరోజు ష్వేడగోన్ పగోడాకి తీసుకెళ్తాను. రెండోరోజు బొమ్మల ప్రదర్శనలకి. "అవి మాకేం అర్థమవుతాయే" అంటారు మా పిన్నులు, వదినలు. నా జవాబు ఒకటే: చందమామ చదివి పెరిగినవాళ్ళు ఆ మాట అనకూడదు.

ఎందుకంటారా? బర్మా ఆధునిక చిత్రకళకి ఆద్యుల్లో ఒకరిగా చెప్పుకునే బజీ ఆంగ్ సో 1951లో మన ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో శాంతినికేతన్ వెళ్ళి చదువుకున్నారు. తిరిగొచ్చి 1990లో పోయేదాకా ఎక్కువగా పత్రికలకే బొమ్మలు వేశారు. కొత్త రకం చిత్రకళని ఇక్కడి జనం మొదట చూసింది పత్రికల్లోనే. మనకి వపా, బాపు ఇంటికొచ్చినట్టే! యువ ముఖచిత్రం చూస్తూ కాసేపు ఆగిపోయిన అమ్మకి, అమ్మమ్మకి బొమ్మ చూడడం ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇక్కడ ఇప్పటి చిత్రకారుల పని పెద్ద మ్యూజియం హాళ్ళలో కంటే పాత మేడల మీద ఎక్కువగా కనిపిస్తుంది. నది ఒడ్డు నుంచి మొదలయ్యే పన్సొడాన్ వీధిలో 62వ నంబరు భవనం, బాగ్దాద్ నుంచి వచ్చిన సోఫేర్ కుటుంబం 1906లో కట్టించినది. 1971లో కొందరు చిత్రకారులు కలిసి అందులో లోకనాట్ గ్యాలరీ పెట్టుకున్నారు. అదే వీధిలో ఇంకా పైకి నడిస్తే, 2008లో మొదలైన పన్సొడాన్ గ్యాలరీ ఉంది. మెట్లు ఎక్కాలి కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యలు నెమ్మదిగా రావాలి.

చూసేముందు ఒక సంగతి తెలిసుండాలి. ఈ దేశంలో చాలా ఏళ్ళు ప్రదర్శన పెట్టాలంటే ముందు సెన్సారు వాళ్ళు వచ్చి బొమ్మలు చూసి వెళ్ళేవారు. ఎరుపు ఎక్కువైనా అనుమానమే. టెయిన్ లిన్ అనే చిత్రకారుడు 1998 నుంచి 2004 దాకా జైల్లో ఉన్నాడు. కుంచెల్లేవు, కాన్వాసు లేదు. ఖైదీల బట్టల మీద, సిరంజీలతో, సిగరెట్ లైటర్ చక్రంతో బొమ్మలు వేశాడు. బయటికొచ్చాక కొన్నేళ్ళకి, తనలాగే జైలు చూసొచ్చిన వందలమంది చేతులని ప్లాస్టర్‌లో అచ్చు తీసి, ఒక్కొక్కరి కథా సేకరించాడు. మామూలు చేతులే. కానీ ప్రతి చేతికీ ఒక పేరుంది, కొన్ని ఏళ్ళ లెక్క ఉంది.

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం తీసుకున్నాక చాలామంది కళాకారులు దేశం వదిలారు. ఉన్నవాళ్ళు ఆచితూచి మాట్లాడతారు. అందుకే మా చుట్టాలకి రెండు షరతులు పెడతాను. అడగకుండా ఫోటో తీయొద్దు. "ఈ బొమ్మ ప్రభుత్వం మీదేనా?" అని అడగొద్దు. మనం రేపు విమానమెక్కుతాం, జవాబు చెప్పినవాళ్ళు ఇక్కడే ఉండాలి.

ఇన్ని ప్రదర్శనలు చూశాక కూడా నాకొక వెలితి మిగిలిపోయింది. ఈ వీధి చివరి రేవులో ఓడల్లో సరుకు దింపినవాళ్ళలో ఎందరో మనవాళ్ళు. కోరంగి రేవు పేరు మీద వాళ్ళని ఇక్కడ కొరింగీలనేవారు. 1930 మేలో తెలుగు రేవు కూలీల సమ్మె తర్వాత జరిగిన అల్లర్లలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. 1942లో జపాన్ బాంబులకి భయపడి లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచి వెళ్ళారు. ఆ చేతుల బొమ్మ నాకు ఏ గోడ మీదా కనపడలేదు.

అలాంటి ప్రదర్శన ఎప్పటికైనా జరగాలంటే, దానికి సరుకు మ్యూజియంలో దొరకదండీ. మన అటకల మీద, టేకు భోషాణాల్లో, విశాఖ బర్మా క్యాంపులో ఉంటున్న పెద్దవాళ్ళ నోళ్ళలో ఉంది. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు అడగండి. రంగం నుంచి వచ్చిన ఫోటో ఒక్కటి దొరికినా, వెనకవైపు పెన్సిల్‌తో ఆ మనిషి పేరు, ఊరు, ఏ ఏడాదో రాసిపెట్టండి. చెప్పగలిగినవాళ్ళు ఇంకా కొద్దిమందే మిగిలారు.