బంతి తిరిగింది సరే... ఎంత తిరిగింది?

ఆదివారం వస్తే చాలు, ఊరి చివర కోతలైన చేలల్లో కుర్రకారు బ్యాట్లు పట్టుకుని దిగుతారు. మబ్బు పట్టిన రోజైతే ఒక మాట తప్పక వినిపిస్తుంది: ‘గాలిలో తేమ ఉందిరా, ఈ రోజు బంతి తిరుగుతుంది!’ అందరూ తలలూపుతారు. తిరిగేది జానెడా, మూరెడా అని అడిగేవారు లేరు. అడిగినా చెప్పేవారు లేరు. చిక్కంతా ఇక్కడే ఉంది.

బంతి గాలిలో వంగడం కొత్త సంగతి కాదు. ఏటవాలుగా కొట్టిన టెన్నిస్ బంతి వంపు తిరిగి పోవడాన్ని న్యూటన్ 1672లోనే ప్రస్తావించాడు. క్రికెట్ బంతి సంగతి తేల్చినవి మాత్రం కొలతలే. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో రబీంద్ర మెహతా, ఆయన సహచరులు బంతిని కుట్టు మీదుగా దొర్లించి, ఏటవాలు పలక మీద నుంచి గాలి సొరంగంలోకి వదిలారు. అది పక్కకు ఎంత జరిగిందో కొలిచి, గాలి తోపు ఎంతో లెక్కగట్టారు. ఫలితాలు 1983లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి.

అసలు కిటుకు కుట్టులో ఉంది. నున్నటి వైపు గాలి పొర బంతిని త్వరగా వదిలేస్తుంది. కుట్టు వైపు పొర చెదిరి, బంతిని ఇంకాస్త దూరం అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ తేడాయే బంతిని కుట్టు వంగిన వైపునకు నెడుతుంది. కుట్టును 20 డిగ్రీల మేర వంచి, గంటకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో వేస్తే ఈ తోపు బంతి బరువులో మూడో వంతు దాకా ఉంటుంది. అంతకు మించి వేగం పెంచుకుంటూ పోతే వంపు పెరగదు సరికదా, తగ్గుతుంది. వేగం ఒక్కటే విద్య అనుకుని భుజాలు పాడు చేసుకుంటున్న పల్లె కుర్రాళ్లు ఇది గమనించాలి.

ఇక తేమ మాట. ఒకే వేడిమిలో తడిగాలి పొడిగాలి కంటే తేలిక. తేమ వల్లే బంతి ఎక్కువ వంగుతుందని కొలతల్లో రుజువు కాలేదు. తరతరాల నమ్మకమైనా కొలతకు నిలవాలి కదా!

2010 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీల్లో బంతి గాలిలో వణుకుతోందని గోల్‌కీపర్లు మొత్తుకున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్లుందని కొందరు నవ్వారు. అమెరికాలోని నాసా కేంద్రంలో పరీక్షించి చూస్తే మద్దెల నిజంగానే ఓడని తేలింది. ఆటగాళ్లు సాధారణంగా తన్నే వేగం దగ్గరే ఆ బంతి నిలకడ తప్పుతోంది. 2014 పోటీలకు వచ్చిన బంతి అంతకంటే నిలకడగా సాగింది. కొలత ఉంటే ఆటగాడి మాటకు విలువ ఉంటుంది. లేకుంటే అది ఫిర్యాదుగానే మిగిలిపోతుంది.

మన పల్లెలకు గాలి సొరంగాలు ఎక్కడివని పెద్దలు అడగవచ్చు. అవసరం లేదు. సెకనుకు 240 బొమ్మలు తీసే ఫోన్లు నేడు పల్లెల్లోనూ ఉన్నాయి. 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బంతి బొమ్మకూ బొమ్మకూ మధ్య సుమారు 10 సెంటీమీటర్లు జరుగుతుంది. నేల మీద మీటరుకొక సున్నం గీత గీసి, పక్క నుంచి బొమ్మ తీస్తే వేగం తెలుస్తుంది. బౌలరు వెనుక బడి డాబా మీద నుంచి తీస్తే వంపు కనిపిస్తుంది. కుట్టు నిలబెట్టి ఇరవై బంతులు, కుట్టు అడ్డంగా పట్టి ఇరవై బంతులు వేసి పోల్చుకోవచ్చు. టెన్నిస్ బంతికి ఒక వైపు టేపు చుట్టి, అది ఎటు వంగుతుందో తేల్చుకోవచ్చు.

దీనికి కావలసింది డబ్బు కాదు, ఇద్దరు ఉపాధ్యాయులు కలిసి కూర్చోవడం. సైన్సు మాస్టారు బీరువాకు, వ్యాయామ ఉపాధ్యాయుడు మైదానానికి పరిమితమైనంత కాలం ఈ పని జరగదు. ఎంపికలకు వెళ్లిన పల్లె కుర్రాడిని నాలుగు బంతులు చూసి ‘నీ వల్ల కాదు’ అని పంపేస్తే, వాడి చేతిలో చూపడానికి ఏమీ ఉండదు. తన కొలతలు రాసుకున్న నోటుపుస్తకం ఉంటే కనీసం అడగగలుగుతాడు. ఆటతో చదువు పాడవుతుందని బెంగపడే తల్లిదండ్రులు కూడా ఆ పుస్తకం తిరగేస్తే అందులో లెక్కలూ భౌతికశాస్త్రమూ కనిపిస్తాయి.

వచ్చే ఆదివారం మబ్బు పట్టినా పట్టకపోయినా, ప్రధానోపాధ్యాయులు డాబా మెట్ల తాళం తీయిస్తే చాలు. మిగతాది పిల్లలే చూసుకుంటారు.