మలినమా, ఆగంతుకమా?

వాయువును పరమశూన్యపు అంచుల దాకా చల్లార్చి, అందులో అన్యజాతి పరమాణువులను కొన్నింటిని ప్రవేశపెట్టి, వాటి నడవడిని భౌతికశాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్నారు. అట్లా చేరిన కణాన్ని ఆంగ్లంలో 'ఇంప్యూరిటీ' అంటారు. మనవారు వెంటనే 'మలినం' అని అనువదిస్తారు. ఆ మాట నిఘంటువుకు సరిపోతుంది గాని విషయానికి సరిపోదని నా అభిప్రాయం.

సత్యేంద్రనాథ బోసు 1924లో చూపిన గణనమార్గాన్ని ఐన్‌స్టీన్ విస్తరించి, అత్యల్ప ఉష్ణోగ్రతలో పరమాణువులు ఒకే స్థితిలో ఒదిగిపోగలవని ఊహించాడు. ఆ ఊహ 1995లో అమెరికాలోని బౌల్డర్ నగరంలో రుబీడియం వాయువు విషయంలో నిజమైంది. 2016లో అక్కడే అటువంటి రుబీడియం సంఘనితంలోనికి కొద్దిపాటి పొటాషియం పరమాణువులను చేర్చి చూశారు.

అయస్కాంతక్షేత్రాన్ని సవరించి, వచ్చిన కణానికీ ఉన్నవాటికీ నడుమ ఆకర్షణనో వికర్షణనో కల్పించవచ్చు. ఆకర్షణ ఉంటే ఇరుగుపొరుగు పరమాణువులు దాని చుట్టూ మూగుతాయి. వికర్షణ ఉంటే తొలగి చోటిస్తాయి. ఈ పరివారంతో కూడిన కణానికి శక్తి వేరు, జడత్వం వేరు. దానినే 'పోలరాన్' అంటారు. స్ఫటికంలో చరించే ఎలక్ట్రానును గురించి 1933లో లాండౌ ఈ భావనకు బీజం వేశాడు.

మలినమంటే కడిగి పారవేయదగినది. ఇది కోరి పిలిచినది. రేడియో తరంగాలతో దాని శక్తిలోని మార్పును కొలిచి, చుట్టూ ఉన్న సమూహపు స్వభావాన్ని గ్రహిస్తారు. కొలిచే సాధనాన్ని మురికి అనవచ్చునా?

వ్యాకరణం చదివినవారికి ఆగమాదేశాల భేదం తెలిసినదే. ఆదేశం ఉన్న అక్షరాన్ని వెళ్ళగొట్టి శత్రువువలె కూర్చుంటుంది. ఆగమం మిత్రునివలె పక్కన చేరుతుంది. 'మా అమ్మ' 'మాయమ్మ' అయినప్పుడు యకారం ఎవరినీ తొలగించలేదు, ఉచ్చారణను మాత్రం మార్చింది. మన కణం తీరూ ఇంతే. కనుక 'ఆగంతుక కణం' అందామని నా సూచన. పత్రికలవారు ఆగంతకుణ్ణి దొంగను చేశారు గాని, మూలార్థం వచ్చినవాడనే.

అయితే అతిథి ఎల్లప్పుడూ సాధువే అనుకోరాదు. ఫెర్మి కణాల సముదాయంలో కదలని భారకణం ఒక్కటి చేరితే, సముదాయం ఎంత పెద్దదైతే దాని కొత్త స్థితికి పాత స్థితితో పోలిక అంతగా నశిస్తుందని ఆండర్సన్ 1967లో నిరూపించాడు. ఒక్కరి రాకతో ఊరంతా మారడమంటే ఇదే. ఇదీ మలినం చేసే పని కాదు.

తాగునీటిలోని మలినాన్ని మలినమనే అందాం. పాఠ్యగ్రంథాలు రచించేవారు మాత్రం ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. విద్యార్థికి మొదట అందిన మాటే మొదటి ఊహ అవుతుంది. 'మలినం' అని నేర్చినవాడు దానిని తొలగించే ఉపాయం వెదుకుతాడు గాని, అది ఏమి చెబుతున్నదో వినడు. ఇంతకంటె మేలైన మాట పెద్దలెవరైనా సూచిస్తే శిరసావహిస్తాను.