ఉలవగింజ, నెత్తురు, చంటిపిల్లల జలుబులు

చలికాలం రాగానే ఇక్కడి మన ఇళ్ళలో వినిపించే మాట ఒకటుంది: "మావాడికి నెలకోసారి జలుబు, చెవిపోటు. వీడి రక్తంలోనే ఏదో లోపం ఉందేమో!" పిల్లవాణ్ణి డే కేర్‌లో వేసిన మొదటి ఏడాది ఈ బెంగ మరీ ఎక్కువ. ఫోనులో అమ్మమ్మగారు దిష్టి తియ్యమంటారు. ఇక్కడి స్నేహితులు ఇమ్యూనిటీ టెస్టు చేయించమంటారు. అలా చేయించిన టెస్టు కాగితం మీద "మన్నోజ్ బైండింగ్ లెక్టిన్ తక్కువ" అని ఉంటే తల్లిదండ్రులకు ఆ రాత్రి నిద్ర పట్టదు. అందుకని ఈ నెల మేము ఆ లెక్టిన్ సంగతే ఎత్తుకున్నాము.

లెక్టిన్ అన్న పేరు పుట్టింది ఈ దేశంలోనే. బోస్టన్ యూనివర్సిటీలో పనిచేసిన విలియం బాయిడ్ 1954లో పెట్టారు. "ఎంచుకొను" అనే అర్థమున్న లాటిన్ మాట దానికి మూలం. కొన్ని గింజల రసం ఒక గ్రూపు రక్తకణాలను ముద్దలు కట్టిస్తుంది, ఇంకో గ్రూపు కణాలను ముట్టుకోదు. ఆ ఎంపిక చూసే ఆ పేరు. వాటిలో మన ఉలవ కూడా ఉంది! ఏ గ్రూపు వారిలో ఏ1 రకం ఎవరో తేల్చడానికి బ్లడ్ బ్యాంకుల్లో వాడేది ఉలవల్లోంచి తీసిన లెక్టినే. కణం పైన ఉండే ఒక చక్కెరను అది గుర్తుపట్టి పట్టుకుంటుంది. అయితే ఉలవచారు తాగితే మన ఒంట్లో లెక్టిన్ పెరుగుతుందా అని అడగబోయే వారికి ముందే జవాబు చెబుతున్నాము: పెరగదు. చారు మాత్రం మానకండి.

మన నెత్తుటిలోనూ అలాంటి లెక్టిన్ ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాన్ని తయారుచేసేది కాలేయం. మన్నోజ్ అనే చక్కెరను పట్టుకుంటుంది కనుక ఆ పేరు; పొట్టిగా ఎం.బి.ఎల్. అంటారు. చూడటానికి ఒకే కట్టగా కట్టిన పూలగుత్తిలా ఉంటుంది. ఒక్కో పువ్వు పట్టు బలహీనమే. అన్ని పువ్వులూ ఒకేసారి అంటుకుంటే మాత్రం వదలదు. ఈస్టు, బూజు, చాలా రకాల బాక్టీరియాల పైపొర మీద మన్నోజ్ వంటి చక్కెరలు వరసగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. మన కణాల మీది చక్కెర గొలుసుల చివర సాధారణంగా వేరే చక్కెరలు ఉంటాయి కనుక వాటి జోలికి పోదు. ఆ పట్టు కాల్షియం సాయంతో ఎలా కుదురుతుందో న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో వైస్, డ్రికమర్, హెండ్రిక్సన్ 1991, 92ల్లో ఎలుక ఎం.బి.ఎల్. మీద ఎక్స్-రేలతో చూపించారు. శత్రువు మీద వాలగానే ఎం.బి.ఎల్. తన వెంట ఉన్న ఎంజైములను మేల్కొలుపుతుంది. అవి కాంప్లిమెంట్ అనే ప్రోటీనుల దండును రప్పిస్తాయి. తెల్లకణాలు వచ్చి మింగేస్తాయి. ఇందుకు యాంటీబాడీలు తయారయ్యేదాకా ఆగనక్కరలేదు. అదీ దీని గొప్ప.

ఇది లేకపోతే ఏమవుతుందో తెలిసింది ఒక పసిపిల్ల వల్ల. మైఖేల్ మిల్లర్ అనే అమెరికన్ పిల్లల డాక్టరు, ఆయన సహచరులు 1968లో లాన్సెట్ పత్రికలో ఆ పాప కథ రాశారు. మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు, ఎదుగుదల లేదు. తెల్లకణాలు బాగానే ఉన్నాయి. కాని ఆమె ప్లాస్మాలో ఉంచితే అవి రొట్టెలు చేసే ఈస్టును మింగలేకపోతున్నాయి. మంచి ప్లాస్మా ఎక్కించాక పాప తేరుకుంది. తప్పు కణాలది కాదు, అవి ఈదే ద్రవానిది. ఆ ద్రవంలో తక్కువైనదేమిటో ఇరవై ఏళ్ళకు పైగా ఎవరికీ అంతుపట్టలేదు. ఈలోగా 1978లో జపాన్‌లో కవసాకీ బృందం కుందేలు కాలేయంలో ఈ ప్రోటీను కనిపెట్టింది. (పిల్లల జబ్బుకు పేరిచ్చిన కవసాకీగారు వేరు.) 1989లో లండన్‌లో మైఖేల్ సూపర్, మాల్కం టర్నర్ మొదలైన వారు రెండు కొసలూ ముడివేశారు: అలాంటి పిల్లల్లో తక్కువైనది ఎం.బి.ఎల్.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. వెతికితే ఆ లోపం నూటికి 5గురికి పైనే కనబడింది. వారిలో ఎక్కువమంది నిక్షేపంగా ఉన్నారు! పదో క్రోమోజోము మీది జన్యువులో చిన్న మార్పులే కారణం. డెన్మార్క్‌లో 9,245 మంది పెద్దవారిని పరిశీలించి 2004లో ప్రకటించిన లెక్కల్లో, లోపం ఉన్నవారికి జబ్బులూ మరణాలూ ఎక్కువేమీ కాలేదు. గ్రీన్‌లాండ్‌లో 252 మంది పసివాళ్ళ మీద 2001లో వెలువడిన పరిశోధన ఇంకోటి చెప్పింది. ఎం.బి.ఎల్. చాలని పిల్లలకు శ్వాసకోశపు జబ్బులు ఎక్కువే, అదీ ముఖ్యంగా 6 నుంచి 17 నెలల వయసులో. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు తరిగిపోయి, సొంతవి ఇంకా కూడని రోజులవి. మన పిల్లలు డే కేర్‌లో అడుగుపెట్టేదీ సరిగ్గా అప్పుడే. కాన్సర్ మందులతో తెల్లకణాలు పడిపోయిన పిల్లల్లో కూడా ఈ లోపం ఉంటే జ్వరం ఎక్కువ రోజులు ఉంటుందని 2001లోనే తేలింది. మిగతా కాపలాదారులు లేనప్పుడే దీని విలువ తెలుస్తుందన్నమాట.

ఇంత హెచ్చుగా ఈ లోపం ఎందుకు నిలిచిందన్నది తేలని తగువు. క్షయ క్రిములు తెల్లకణాల్లోకి దూరడానికే ఇది దారి చూపిస్తుందేమో, కనుక తక్కువ ఉండటమే మేలేమో అని కొందరి వాదం. మద్రాసు క్షయ పరిశోధన కేంద్రం వారు 1999లో ప్రకటించినది అందుకు ఎదురు: తల్లి నుంచీ తండ్రి నుంచీ మారిన జన్యువే వచ్చినవారిలో ఊపిరితిత్తుల క్షయ ఎక్కువగా కనిపించింది. మాకు మాత్రం ఒక్క ప్రోటీనుకు అంత పెద్ద కథ అంటగట్టడం తొందరపాటుగానే తోస్తుంది.

పైన చెప్పిన మైఖేల్ సూపర్ తర్వాత బోస్టన్ చేరారు. అక్కడ హార్వర్డ్ వారి వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ లెక్టిన్‌ను సన్నని అయస్కాంతపు పూసలకు అంటించి, ఎలుకల రక్తంలోంచి క్రిములను లాగేసే యంత్రం చేసి 2014లో చూపించారు. మనుషులకు ఎం.బి.ఎల్. మందుగా ఇచ్చి చూశారు గాని అనుమతి పొందిన మందు ఇంతవరకు రాలేదు.

కనుక కాగితం మీద ఆ ఒక్క అంకె తక్కువుంటే కంగారుపడి బలం సీసాలు కొనకండి. టీకాలు వేళకు వేయించండి. చంటివాడికి ఏడాదికి ఎనిమిది జలుబులు మామూలే, డే కేర్‌కు వెడితే ఇంకా ఎక్కువ. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా వచ్చినా, నాలుగుసార్లు చెవి చీము పట్టినా, బరువు పెరగకపోయినా, రెండు నెలలు యాంటీబయాటిక్ వాడినా గుణం కనిపించకపోయినా మాత్రం ఆలస్యం చెయ్యకుండా ఇమ్యునాలజిస్టు దగ్గరకు పంపమని మీ పిల్లల డాక్టరును గట్టిగా అడగండి.