సీఆర్‌ఆర్ సడలింపు రీలరు దాకా రావాలి

బ్యాంకులు డిపాజిట్లలో కొంత భాగం రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాలి. అదే సీఆర్‌ఆర్. దానికి వడ్డీ రాదు. 2025లో దీన్ని నాలుగు విడతల్లో 4 నుంచి 3 శాతానికి తగ్గించారు. దాదాపు రూ.2.5 లక్షల కోట్లు బ్యాంకుల చేతికొచ్చాయి. ఎవరికి అప్పివ్వాలన్న షరతు మాత్రం లేదు.

2021లో అలా కాదు. అంతవరకూ బ్యాంకు అప్పు ఎరగని చిన్న పరిశ్రమలకు తలా రూ.25 లక్షల దాకా కొత్తగా ఇస్తే, ఆ మేరకే సీఆర్‌ఆర్ మినహాయింపు. ఆ ఏడాది డిసెంబరుతో గడువు ముగిసింది. మళ్ళీ అలాంటిదే కావాలి.

రైతులం, మనకెందుకంటారా? మన గూళ్ళు కొనేది రీలర్లే. రీలింగ్ చిన్న పరిశ్రమే. గూడు ఆగే సరుకు కాదు. చిలక తొలుచుకొని బయటికొస్తే దారం పనికిరాదు. శిడ్లఘట్టలోనైనా, రామనగరంలోనైనా రీలరు ఖాతాలో డబ్బు లేకుంటే పాట పైకి పోదు. అతను బయట వడ్డీకి తెస్తే, ఆ భారం మన కిలో ధర మీదే పడుతుంది.

మినహాయింపుతో బ్యాంకుకు ఖర్చు తగ్గుతుందే గానీ, బాకీ రాదేమోనన్న భయం పోదు. అందుకే రీలర్లు ఉద్యమ్ నమోదు, మార్కెట్ కొనుగోలు రసీదులు సిద్ధంగా పెట్టుకోవాలి. మన రైతు సంఘాలు వాళ్ళతో కలిసే అడగాలి. రీలరుకు అప్పు పుడితేనే మన గూటికి ధర.