వడ్డీ తగ్గినది, అద్దె యిల్లు కొనవచ్చునా?

వడ్డీ తగ్గినది గదా, తనఖా బాకీపై ఒక యిల్లు కొని అద్దెకిచ్చినచో నెల వాయిదాను అద్దెయే తీర్చును గదా యని మిత్రులు పలువురు మమ్ము నడుగుచున్నారు. 2025 ఫిబ్రవరి మొదలు డిసెంబరు లోపల రిజర్వు బ్యాంకు తన రెపో రేటును 6.50 నుండి 5.25కు దించినది. సంతోషమే. కాని 2020 మే నెలలో ఆ రేటు 4 మాత్రమే యుండెను. నాడు ఆ చౌకను జూచి యిండ్లు కొన్నవారు 2023 ఫిబ్రవరి నాటికి 6.50ని చూడవలసివచ్చెను.

2019 అక్టోబరు మొదలు బ్యాంకులు క్రొత్తగా నిచ్చు చలనవడ్డీ గృహఋణములు రెపో వంటి వెలుపలి కొలమానమునకు ముడివడి యున్నవి. ఆ షరతు దస్తావేజులోనే యుండును. మావద్దకు దస్తావేజులు దెచ్చువారిలో సంతకమునకు ముందు దానిని చదివినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును.

65 లక్షల యిల్లు, 50 లక్షల బాకీ, 20 ఏండ్ల గడువు, నూటికి 7 వడ్డీ యనుకొందము. నెల వాయిదా సుమారు 38,765 రూపాయలు. మన పట్టణములలో నివాసగృహముల అద్దె, యింటి విలువలో సాలుకు నూటికి మూడు నాలుగు మించుట యరుదు. మూడు వంతున నెలకు వచ్చునది 16,250. వాయిదా మాట యటుండనిండు, మొదటి యేటి వడ్డీకే యది చాలదు. మిగిలినది జీతమునుండి పోవలసినదే. ఇక వడ్డీ 9 అయినచో వాయిదా 44,986 అగును. బ్యాంకు వడ్డీ పెంచినదని అద్దెకున్నవాడు ఆరువేలు హెచ్చుగా నిచ్చునా? వాయిదాను కదల్పక గడువునే పెంచుకొందమన్నచో, ఆ 20 ఏండ్లు 38 ఏండ్లు దాటును. తండ్రి బాకీని కుమారుడు మోయవలయును.

మఱియొక సంగతి. వడ్డీ తగ్గినపుడు కొనువారు గుమిగూడుదురు, అమ్మువాడు ధర బిగించును. వడ్డీ హెచ్చుగా నున్నపుడు బేరమాడుటకు చోటుండును. తరువాత వడ్డీ తగ్గవచ్చును గాని, చెల్లించిన క్రయధనము తగ్గదు. కావున నేటి వడ్డీకి రెండు చేర్చి, రెండు నెలల అద్దెను ఖాళీ క్రింద కొట్టివేసి, పన్నును మరమ్మతులను తీసివేసి లెక్క వేయుడు. అప్పటికిని లోటును జీతము మోయగలిగినచో నేడే కొనుడు. వడ్డీ యింకను తగ్గునని వేచియుండ నక్కఱలేదు. మోయలేనిచో 5.25ను జూచి బయానా యీయకుడు.

ఇదివఱకే కొన్నవారికి ఒక సౌకర్యము గలదు. వ్యక్తులు చలనవడ్డీ గృహఋణమును ముందుగా తీర్చినచో బ్యాంకులు జుల్మానా వేయరాదు. వడ్డీ తగ్గినను పాత వాయిదానే కట్టుచు వచ్చినచో ఆ హెచ్చు సొమ్ము అసలునకే జమయగును.